ఆర్‌సీ (రిమోట్) కారు బాల్ డిఫ్ ఒక్క బ్యాటరీకే వదులైపోతోంది, చేత్తో తిప్పితే గరగర. ముందు ఎక్కడ చూడాలి?

విజ్జీ_బగ్గీ (విజయనగరం):

అందరికీ నమస్తే. బండి 1/10 స్కేలు టూ వీల్ డ్రైవ్ బగ్గీ, వెనక బాల్ డిఫ్ (మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్, లోపల రెండు రింగుల మధ్య బాల్స్ ఉండే రకం). 13.5 టర్న్ బ్రష్‌లెస్ మోటారు, 2ఎస్ లైపో (రెండు సెల్‌ల బ్యాటరీ), స్లిప్పర్ క్లచ్ (ఒక్కసారి బలం పడితే జారి డిఫ్‌ని కాపాడేది) ఉంది. నడిపేది ఎక్కువగా అయోధ్య మైదానంలో. ఎండు మట్టి, సన్నటి దుమ్ము. అప్పుడప్పుడు మేడ మీద సిమెంటు గచ్చు.

లక్షణాలు చెప్తాను. వెనక చక్రాలు పైకెత్తి ఒకదాన్ని ముందుకి తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతోంది గానీ నున్నగా లేదు, వేళ్లకి ఇసక నలిగినట్టు తెలుస్తోంది. ఆగిన చోటి నుంచి ఒక్కసారి థ్రాటిల్ ఇస్తే గేర్‌బాక్సులోంచి కిర్రుమంటోంది, బండి ఒక క్షణం తటపటాయించి కదులుతోంది. డిఫ్ స్క్రూ బిగిస్తే చప్పుడు పోతోంది. బ్యాటరీ అయ్యేసరికి మళ్లీ మొదలు. అప్పుడు చూస్తే స్క్రూ దాదాపు అర చుట్టు వెనక్కి వచ్చేసి ఉంటోంది. పోనీ ఇంకా గట్టిగా బిగిద్దామంటే మలుపులో బండి తిరక్కుండా నేరుగా పోతోంది.

నట్టులో నైలాన్ అరిగి స్క్రూ వదులవుతోందా? లాక్‌టైట్ (స్క్రూ కదలకుండా అతికించే జిగురు) వేయొచ్చా? బాల్స్, రింగులు మొత్తం మార్చాలా, కొన్ని మారిస్తే సరిపోతుందా? మన ఊళ్లో దొరికే వాటితో ఎంతవరకు అవుతుంది, ఏవి తెప్పించుకోవాలి?

---

నాగావళి_ఆర్‌సీ (శ్రీకాకుళం):

లాక్‌టైట్ మాత్రం వెయ్యకండి. ఆ స్క్రూ ఎప్పటికప్పుడు సర్దుకోవాల్సింది, అతికించీసేది కాదు. పైగా అది కారి స్క్రూ తల కిందుండే త్రస్ట్ బాల్స్‌లోకి వెళ్లిందంటే ఉన్న రోగం రెండింతలవుతుంది.

మీరు చెప్పిన వాటిలో అసలైన ఆనవాలు ఏటంటే స్క్రూ తనంతట తాను వెనక్కి రావడం. కిర్రుమనడానికి కారణాలు చాలా ఉంటాయి, గరగరకీ చాలా ఉంటాయి. స్క్రూ తిరిగిపోవడానికి ముఖ్యమైన కారణం ఒక్కటే: త్రస్ట్ బేరింగ్ పట్టీడం. నట్టు నైలాన్ అరగడం తర్వాత మాట.

ఎలాగో చూడండి. డిఫ్‌కి రెండు పక్కలా చక్రాల వైపు బలం పంపే కప్పుల్ని అవుట్‌డ్రైవ్‌లంటారు. స్క్రూ తల ఒక అవుట్‌డ్రైవ్‌లో కూర్చుంటుంది. రెండు చెవులున్న నట్టు, స్ప్రింగు రెండో అవుట్‌డ్రైవ్‌లో ఉంటాయి. నట్టు చెవులు గాడిలో ఇరుక్కుని ఉంటాయి కాబట్టి స్క్రూ ఎప్పుడూ నట్టు వైపు అవుట్‌డ్రైవ్‌తో పాటే తిరగాలి. బండి మలుపు తిరిగినప్పుడు రెండు అవుట్‌డ్రైవ్‌లూ ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. అప్పుడు తల వైపు అవుట్‌డ్రైవ్ స్క్రూ తల కింద స్వేచ్ఛగా జారాలి. ఆ జారుడు కోసమే తల కింద రెండు వాషర్లు, మధ్యన చిన్న బాల్స్ పెట్టారు, అదే త్రస్ట్ బేరింగ్. అవి పట్టేస్తే తల వైపు అవుట్‌డ్రైవ్ స్క్రూని తనతో లాక్కుపోతుంది. ఒక వైపు మలుపుకి స్క్రూ బిగుస్తుంది, రెండో వైపు మలుపుకి వదులవుతుంది. మైదానంలో ఒకే దిక్కున చుట్లు కొడితే ఫలితం కూడా ఒకే దిక్కున పోగవుతుంది. ఈసారి ఎదురు దిక్కున నడిపి చూడండి. వదులయ్యే డిఫ్ కాస్తా బిగుసుకుపోతే రోగం ఖాయమైనట్టే.

విప్పకుండా పరీక్ష: గేర్‌బాక్సు లోంచి డిఫ్ బయటికి తీసి, స్క్రూ తలలో అలెన్ కీ గుచ్చి వదిలీండి. నట్టు వైపు అవుట్‌డ్రైవ్‌ని ఒక చేత్తో పట్టుకుని, తల వైపుది మెల్లగా తిప్పండి. కీ కదలకుండా నిలబడితే త్రస్ట్ బాగుంది. అవుట్‌డ్రైవ్‌తో పాటు కీ కూడా తిరిగినా, ఆగి ఆగి గెంతినా, త్రస్ట్ పోయింది.

కీ విషయంలో ఒక జాగ్రత్త. అమెరికన్ బళ్లలో చాలావాటికి డిఫ్ స్క్రూ 2–56 మర, అంగుళాల కీ పడుతుంది. జపాన్ బళ్లలో 2 మి.మీ. మర, చాలావాటికి 1.5 కీ. కుదరని కీతో బలవంతం చేస్తే తల లోపలి పలకలు గుండ్రంగా అరిగిపోయి, ఆ తర్వాత విప్పడానికి నానా తంటాలూ పడాలి. 2–56 స్క్రూ వ్యాసం 2.18 మి.మీ., కాబట్టి దాని నట్టుకి 2 మి.మీ. స్క్రూ వదులు, అటుది ఇటు పెట్టడానికి లేదు.

---

కోట_టర్న్‌మార్షల్ (విజయనగరం):

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అయోధ్య మైదానం దుమ్ములో బాల్ డిఫ్ కన్నా గేర్ డిఫ్ (బాల్స్ బదులు పళ్ల గేర్లు ఉండేది) మేలు. మీ బండికి దొరుకుతుంటే అదే కొనండి. లోపల సిలికాన్ ఆయిల్ పోసి సీలు వేసేస్తారు కాబట్టి దుమ్ము పోదు, నెలల తరబడి విప్పే పని ఉండదు. ఇప్పటి బళ్లలో ఎక్కువ వాటికి అదే వస్తోంది. 3ఎస్ బ్యాటరీ, నాలుగు పోల్ మోటారు లాంటి బలమైనవి పెట్టాలనే ఆలోచన ఉంటే మాత్రం బాల్ డిఫ్ మీద డబ్బు పెట్టకండి.

---

బొబ్బిలి_గేర్‌బాక్స్ (బొబ్బిలి):

గేర్ డిఫ్ మాట నిజమే గానీ 13.5 మోటారుకి, 2ఎస్‌కి బాల్ డిఫ్ చక్కగా సరిపోతుంది. సిమెంటు గచ్చు మీద, కార్పెట్ మీద దాని పట్టు వేరు. విడిచిపెట్టేసే ముందు ఒకసారి సరిగ్గా కట్టి చూడండి.

నాగావళి గారు త్రస్ట్ గురించి చెప్పారు కాబట్టి నేను రింగులు, బాల్స్ సంగతి చెప్తాను. మీ గరగర అక్కడిది కూడా అయ్యే అవకాశం ఉంది. స్క్రూ వదులై డిఫ్ జారినంతసేపూ బాల్స్ దొర్లవు, రింగుల మీద రాసుకుంటాయి. ఆ రాపిడికి వేడి పుట్టి ముందు రింగు మీద గాడి పడుతుంది, తర్వాత ప్లాస్టిక్ గేరులో బాల్స్ కూర్చునే కన్నాలు సాగుతాయి.

విప్పాక ఈ వరసలో చూడండి. రింగు వెలుతురులో పట్టుకుని గోటి కొనతో అడ్డంగా గీయండి. మెరుపు గీత కనిపించి గోరు తగలకపోతే అది పనికొస్తుంది. గోరు గాడిలో పడితే ఆ ముఖం అయిపోయింది. రింగుకి రెండు ముఖాలుంటాయి కాబట్టి తిరగేసి వాడండి. రెండు వైపులా గాడి ఉంటేనే కొత్తది. గాడి మొత్తం పోయేదాకా రుద్దాలని చూడకండి, అంత రుద్దేసరికి రింగు ఒక పక్క పలచబడి వంకరవుతుంది. అప్పుడు కొత్త బాల్స్ వేసినా చుట్టుకి ఒకచోట పట్టేస్తూనే ఉంటుంది.

తిరగేసిన ముఖాన్ని కూడా కొంచెం రుద్దాలి. కారు పెయింటింగు సామాన్ల కొట్లో వాటర్ పేపర్ అడిగితే ఇస్తారు, 400 ఒకటి, 600 ఒకటి తీసుకోండి. ఫొటో ఫ్రేములు కట్టే కొట్లో అద్దం ముక్క దొరుకుతుంది. అద్దం మీద పేపర్ పరిచి, రెండు చుక్కల నీళ్లు వేసి, రింగుని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దండి. వేలితో నొక్కితే వేలు ఉన్న వైపు ఎక్కువ అరుగుతుంది. అందుకని చదునైన చెక్క ముక్కకి రెండు వైపులా అంటుకునే టేపు వేసి రింగుని దానికి అతికించండి. పది పదిహేను రుద్దులకి ఒకసారి చెక్కని పావు వంతు తిప్పాలి. ముఖమంతా ఒకే రకం మసక తెల్లదనం వస్తే చాలు. అద్దంలా మెరిపించొద్దు, ఆ సన్నటి గరుకే బాల్స్‌కి పట్టునిస్తుంది.

బాల్స్ విషయంలో ఒకటే నియమం: మారిస్తే మొత్తం మార్చాలి. సగం పాతవి, సగం కొత్తవి కలిపితే కాస్త పెద్దగా ఉన్న నాలుగైదే రింగుని మోస్తాయి, మిగతావి ఊరికే తిరుగుతాయి. ఆ నాలుగైదే గాడి తవ్వుతాయి. మీ బగ్గీలో ఉండేవి సాధారణంగా 3/32 అంగుళం, అంటే 2.38 మి.మీ. సైకిల్ షాపులో దొరికేవి అంతకంటే పెద్దవి, కన్నంలో పట్టనే పట్టవు. కాబట్టి తెప్పించుకోక తప్పదు. ఉక్కువి చవకే గానీ మన సముద్రపు తేమకి బేగి తుప్పు చుక్కలు పడతాయి. టంగ్‌స్టన్ కార్బైడ్‌వి బేగి అరగవు, తుప్పు బాధ తక్కువ, కాకపోతే ఉక్కు కన్నా రెండింతలు బరువు. సిరామిక్‌వి తేలిక, ఖరీదు ఎక్కువ. మీ అవసరానికి నేనైతే కార్బైడ్ అంటాను.

చివరిగా గేరు. బాల్స్ అన్నీ పెట్టి పక్క నుంచి చూస్తే రెండు వైపులా సమానంగా పైకి తేలి ఉండాలి. ఒక వైపు గేరు ప్లాస్టిక్కే రింగుకి తగులుతోందంటే అది వేడికి వంగిపోయింది. అలాంటప్పుడు బాల్స్, రింగులు మార్చినా ఫలితం ఉండదు.

---

విజ్జీ_బగ్గీ:

అందరికీ ధన్యవాదాలు. కోట గారూ, మా బండికి గేర్ డిఫ్ వేరే కిట్టుగా ఉంది గానీ ముందు దీన్ని కట్టి చూస్తాను.

కీ పరీక్ష చేశాను. తల వైపు అవుట్‌డ్రైవ్‌తో పాటే కీ తిరిగింది. విప్పితే త్రస్ట్ బాల్స్ ఆరింటిలో రెండు ముక్కలై ఉన్నాయి, వాషరు మీద వాటి గుంటలు పడ్డాయి. గ్రీజు మట్టితో కలిసి గట్టిపడిన నల్ల ముద్దలా ఉంది. రింగుల్లో ఒకదానికి గోరు తగులుతోంది, రెండోదానికి తగలడం లేదు. గేరు సమంగానే ఉంది. నట్టులో స్క్రూ చేత్తో తిప్పితే తిరగట్లేదు, పట్టు ఉంది.

ఇప్పుడు కట్టే వరస చెప్పండి. గ్రీజు కూడా. ఇంట్లో స్కూటర్ వీల్ బేరింగ్‌కి వాడే ఎమ్‌పీ గ్రీజు ఉంది, సరిపోతుందా?

---

నాగావళి_ఆర్‌సీ:

ఎమ్‌పీ గ్రీజు వద్దు. ఈ డిఫ్‌లో రెండు చోట్లా రెండు రకాల గ్రీజు కావాలి, ఎందుకో తెలిస్తే తారుమారు చెయ్యరు.

గేరులోని పెద్ద బాల్స్ ద్వారానే బలం చక్రాలకి పోతోంది. పళ్లు లేవు, గాళ్లు లేవు, బాల్‌కీ రింగుకీ మధ్య పట్టే ఆధారం. అక్కడ జారుడు గ్రీజు పెడితే ఎంత బిగించినా జారుతుంది. సిలికాన్ డిఫ్ గ్రీజు, అదే తెల్లగా పారదర్శకంగా ఉండేది, ఒత్తిడిలో పట్టు వదలదు. త్రస్ట్ దగ్గర పని ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ ఎంత జారితే అంత మంచిది, కాబట్టి మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజు. నల్లది పొరపాటున రింగుల మీదికి పోతే తుడిస్తే చాలదు, రింగులూ బాల్సూ మళ్లీ కడుక్కోవాలి. కాబట్టి ముందు త్రస్ట్ పని పూర్తి చేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, అప్పుడు సిలికాన్ డబ్బా ముట్టుకోండి.

కడగడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి, సెల్ రిపేరు సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. కిరసనాయిలు వద్దు, ఆరాక కూడా జిడ్డు పొర మిగులుతుంది. రింగులు కడిగీసిన తర్వాత వేలితో ముఖం ముట్టుకోకండి, అంచులు పట్టుకోండి.

త్రస్ట్ బేరింగ్ మొత్తం కొత్తది వెయ్యాలి, అంటే బాల్స్‌తో పాటు రెండు వాషర్లూ. గుంటలు పడ్డ వాషరులో కొత్త బాల్స్ పెడితే ఆ గుంటల్లోనే పడి కూర్చుంటాయి. విడి బాల్స్ కన్నా పంజరం ఉన్న త్రస్ట్ బేరింగ్ దొరికితే అది పెట్టండి, కట్టేటప్పుడు బాల్స్ దొర్లిపోవు. కొనేముందు వెర్నియర్‌తో స్క్రూ వ్యాసం, అవుట్‌డ్రైవ్ లోపలి గుంట వ్యాసం, పాత సెట్టు మందం కొలుచుకోండి. పంజరం రకంలో రెండు వాషర్లూ ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకదాని కన్నం వెంట్రుక వాసి పెద్దది. చిన్న కన్నం ఉన్నది స్క్రూ తల వైపు, పెద్ద కన్నం ఉన్నది అవుట్‌డ్రైవ్ వైపు. తిరగేస్తే వాషరు స్క్రూకి ఒరుసుకుని, కొత్తదైనా పాతదానిలాగే పట్టుకుంటుంది. గాడి ఉన్న ముఖాలు బాల్స్ వైపు ఉండాలి, చదును ముఖాలు బయటికి.

కట్టుడు ఇలాగ. స్క్రూకి చిన్న కన్నం వాషరు, నల్ల గ్రీజుతో బాల్స్, పెద్ద కన్నం వాషరు ఎక్కించి తల వైపు అవుట్‌డ్రైవ్‌లోకి దించండి. స్క్రూ పట్టుకుని చుట్టూ తిప్పి చూడండి, ఇక్కడే గరగర ఉంటే ముందుకి వెళ్లకండి. అవుట్‌డ్రైవ్ ముఖానికి పలచగా సిలికాన్ రాసి రింగు అంటించండి. అది రింగు పడిపోకుండా పట్టుకోడానికే. డి ఆకారం కన్నం అవుట్‌డ్రైవ్ మీది చదునుకి సరిగ్గా కూర్చోవాలి. గేరు కన్నాల్లో బాల్స్ నొక్కి, ఒక్కో బాల్‌కి ఆవగింజంత సిలికాన్ పెట్టండి. గేరుని మొదటి సగం మీద పెట్టి, రెండో రింగు అంటించిన నట్టు వైపు సగాన్ని పైనుంచి దించండి. స్ప్రింగు పెట్టే ముందు దాన్ని ప్లయర్‌తో పూర్తిగా నొక్కి నాలుగైదు సార్లు వదలండి. కొత్త స్ప్రింగు అయితే మొదటి నొక్కుకి కొంచెం పొట్టిదవుతుంది, అదేదో లోపలికి పోకముందే అవ్వాలి. నట్టు చెవులు గాడిలో పడ్డాయో లేదో కంటితో చూసుకోండి.

బిగించడం ఒకేసారి వద్దు. పావు చుట్టు బిగించడం, రెండు అవుట్‌డ్రైవ్‌లూ ఎదురెదురుగా పది సార్లు తిప్పడం, మళ్లీ పావు చుట్టు. తిప్పకుండా బిగిస్తూ పోతే బాల్స్ రింగులో నిలబడ్డ చోటే గుంటలు పొడుస్తాయి. ఇక స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి, స్క్రూ ఒక్కసారిగా గట్టిపడినట్టు చేతికి తెలుస్తుంది. అక్కడ ఆగి ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి రండి. 2–56 మరకి ఎనిమిదో వంతు చుట్టంటే 0.057 మి.మీ., 2 మి.మీ. మరకి 0.05 మి.మీ. అంత చిన్న తేడాతోనే జారే డిఫ్, పట్టే డిఫ్ వేరవుతాయి. అందుకే ‘కొంచెం బిగించాను’ అనకుండా కీ చేతి కొన ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకుని తిప్పండి.

---

బొబ్బిలి_గేర్‌బాక్స్:

నాగావళి గారు చెప్పిన దానికి అరుగుడు (కొత్త భాగాలు సర్దుకునేలా ముందు మెల్లగా నడపడం) చేర్చాలి. కొత్తగా కట్టిన డిఫ్‌ని సరాసరి మైదానంలోకి తీసుకెళ్లి ఫుల్ థ్రాటిల్ ఇస్తే మొదటి నిమిషంలోనే కొత్త రింగు పాడవుతుంది. బండిని స్టాండు మీద పెట్టి ఒక వెనక చక్రాన్ని పట్టుకుని, రెండోది తిరిగేలా తక్కువ థ్రాటిల్‌లో పది పదిహేను సెకండ్లు నడపండి. తర్వాత చక్రం మార్చండి. ఒకటి ఆపితే రెండోది రెండింతల వేగంతో తిరుగుతుంది, కాబట్టి థ్రాటిల్ పెంచొద్దు. టైరు జిగురు ఊడి కంటికి కొట్టే ప్రమాదం కూడా ఉంది. ఆ తర్వాత స్క్రూ మళ్లీ చూడండి. బాల్స్ రింగులో సర్దుకున్నాక ఎనిమిదో వంతు బిగుతు పట్టడం మామూలే. అర చుట్టు పట్టిందంటే ఏదో ఒకటి సరిగ్గా కూర్చోలేదని అర్థం.

స్లిప్పర్ కూడా సర్దాలి, అది డిఫ్ అయ్యాకే. డిఫ్ కంటే ముందు స్లిప్పర్ జారాలి, అందుకే అది పెట్టారు. రెండు వెనక చక్రాలూ బల్లకి గట్టిగా ఒత్తిపెట్టి, బొటనవేలితో స్పర్ గేరుని (మోటారు తిప్పే పెద్ద గేరు) తోయండి. కదిలింది స్లిప్పరు ప్యాడ్ అయితే సరే. ప్యాడ్ నిలిచి డిఫ్ గేరు తిరిగితే స్లిప్పర్ నట్టు పావు చుట్టు వదులు చేసి మళ్లీ చూడండి. డిఫ్ బిగించి సరిచేద్దాం అనుకోవద్దు. నేల మీద చెవితో కూడా తెలుస్తుంది. స్లిప్పర్ జారితే ‘స్స్’ అని సన్నగా ఒకటి రెండు అడుగుల దూరం వినిపించి ఆగుతుంది. డిఫ్ జారితే మీరు రాసినట్టు కిర్రుమని మోటుగా వస్తుంది. ఆ కిర్రు విన్న వెంటనే బండి ఆపండి, ఇంకొక చుట్టు కొట్టొద్దు.

మీ రింగు విషయం: గోరు తగిలినదాన్ని తిరగేసి వాడండి, తగలనిదాన్ని ఉన్న ముఖాన్నే 600తో రుద్దండి. మాన్యువల్‌లో ఎన్ని బాల్స్ అని ఉంటే అంతకు నాలుగు ఎక్కువ తెప్పించుకోండి. 2.38 మి.మీ. బాల్ గచ్చు మీద పడితే ఇక కనపడదు. పని చేసేటప్పుడు కింద స్టీలు పళ్లెం, అందులో తెల్ల గుడ్డ వేసుకోండి.

---

విజ్జీ_బగ్గీ:

త్రస్ట్ బేరింగ్, కార్బైడ్ బాల్స్, రెండు రకాల గ్రీజు ఆర్డరు పెట్టాను. రింగులు చెక్క ముక్కకి అతికించి రుద్దాను, ముఖమంతా ఒకే మసక వచ్చింది. ఒక సందేహం మిగిలింది. దుమ్ము లోపలికి ఎటు నుంచి వెళ్తోంది? గేర్‌బాక్సు మూత సందులు లేకుండానే ఉంది.

---

నాగావళి_ఆర్‌సీ:

అవుట్‌డ్రైవ్ గాళ్ల లోంచి. డాగ్‌బోన్ (అవుట్‌డ్రైవ్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) తిరిగే కప్పు అడుగునే స్క్రూ తల ఉంటుంది, దాని వెనకే త్రస్ట్. మైదానం దుమ్ము నేరుగా అక్కడికే పోతుంది. సన్నటి స్పాంజి ముక్క గుండ్రంగా కత్తిరించి కప్పు అడుగున స్క్రూ తల మీద కూర్చోబెట్టండి. డాగ్‌బోన్ కొనకి తగలనంత పలచగా ఉండాలి. సర్దాల్సినప్పుడు సూదితో తీసీసి కీ పెట్టొచ్చు.

బండి దులిపేటప్పుడు కంప్రెసర్ గాలి ఆ కప్పులోకి సూటిగా కొట్టకండి, దుమ్ము త్రస్ట్ లోపలికే పోతుంది. బ్రష్‌తో బయటికి ఊడ్చండి. తడి మట్టిలో నడిపిన రోజు మాత్రం డిఫ్ విప్పి చూడాల్సిందే. పొడి రోజుల్లో కీ పరీక్ష చాలు, ప్రతి రెండు మూడు బ్యాటరీలకి ఒకసారి. కీ నిలబడినన్నాళ్లూ విప్పనక్కర్లేదు.